చక్రపాదుకల సాహసక్రీడ

మెట్ల ప్రక్కన, జనం పట్టుకొని దిగడానికి అమర్చిన ఇనుప కమ్మీని మనమందరమూ చూచియున్నాము. ఆస్పత్రులలోనూ, కచేరీలలోనూ, కళాశాలలలోనూ అది లేని చోటు ఉండదు. పెద్దలకు అది ఊతకర్ర. ఎవరూ చూడని సమయంలో పిల్లలకు జారుడుబల్ల. కాళ్ళకు చక్రాల బూట్లు తొడుగుకొని, దూరంనుంచి వేగంగా వచ్చి, ఆ కమ్మీమీదికి ఎగిరి, రెండు పాదాలనూ దానికి అడ్డంగా ఆనించి, నిలుచున్నవాడు నిలుచున్నట్లే క్రిందివరకు జారి, మరల నేలమీదికి దూకి ఏమీ ఎరుగనట్లు సాగిపోయే యువకుణ్ణి మాత్రం మనలో చూచినవారు తక్కువ. అమెరికాలోను, ఐరోపాలోను, జపాను, బ్రెజిలు, ఆస్ట్రేలియా దేశాలలోను 1990 తరువాత కొన్ని సంవత్సరాలపాటు ఈ దృశ్యం నగరజీవితంలో ఒక భాగమైపోయింది. దీనిని ఎగ్రెసివ్ ఇన్‌లైన్ స్కేటింగు అంటారు. చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండడంచేత ఇన్‌లైన్. పద్ధతి దుందుడుకుది కావడంచేత ఎగ్రెసివ్. మన భాషలో దూకుడు అనే మాట ఉన్నది. దూకడమూ, దుడుకుతనమూ రెండూ అందులోనే ఇమిడి ఉన్నవి గనుక ఈ క్రీడకు ఇంగ్లీషు పేరుకంటె అదే తగిన పేరని నాకు తోస్తుంది.

చక్రాలను పాదాలకు కట్టుకోవాలనే కోరిక క్రొత్తది కాదు. బెల్జియం ప్రాంతంనుంచి 1760లో లండను నగరానికి వచ్చిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రశిల్పిని గురించి ఒక కథ చెబుతారు. అతడు సంగీతవాద్యాలు, గడియారాలు, రకరకాల చమత్కారపు యంత్రాలు చేసేవాడు. ఒక వేషధారణ విందుకు తాను తయారుచేసిన చక్రాల జోళ్ళు తొడుగుకొని, వయొలిన్ వాయిస్తూ, అతిథుల మధ్య తేలిపోతూ ప్రవేశించాడట. ప్రవేశించడం వరకు బాగానే జరిగింది. ఆగడమెట్లాగో, మలుపు తిరగడమెట్లాగో అతడు ఆలోచించి ఉండలేదు. తిన్నగా పోయి అయిదువందల పౌనులకు పైగా ఖరీదుచేసే నిలువుటద్దానికి ఢీకొని, అద్దాన్నీ, వయొలిన్నూ పగులగొట్టి, తానూ గాయపడ్డాడు. ఈ కథలో ఎంత నిజమున్నా లేకపోయినా, చక్రపాదుకలు చేసినవారినందరినీ తరువాతి వంద సంవత్సరాలూ బాధించిన చిక్కు అందులో స్పష్టంగా కనబడుతుంది. చక్రంమీద పోవడం తేలిక. తిరగడమూ, నిలవడమూ కష్టం.

1819లో ప్యారిస్‌లో పెటిబ్లెడ్ అనే ఆయన మూడు చక్రాలను ఒకే వరుసలో బిగించిన జోడుకు పేటెంటు పొందాడు. 1823లో లండనులో రాబర్ట్ టయర్స్ అయిదు చక్రాలు వరుసగా ఉన్న జోడును ప్రదర్శించాడు. 1849లో మేయర్‌బీర్ రచించిన ఒక ఒపేరాలో మంచుమీద స్కేటింగు చేసే ఘట్టాన్ని రంగస్థలంమీద చూపడానికి నటులచేత చక్రాల స్కేట్లు తొడిగించారు. అంటే ఒకే వరుసలో చక్రాలుండే స్కేటు నిన్న మొన్న పుట్టినది కాదు. తాత ముత్తాతల కాలంనాటిది. అయితే 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన ముందు రెండు, వెనుక రెండుగా నాలుగు చక్రాలుండే స్కేటును తయారుచేశాడు. చక్రాల జతలకూ పాదపీఠానికీ మధ్య రబ్బరు దిండ్లు అమర్చినందువల్ల శరీరాన్ని ఏ వైపుకు వాల్చితే స్కేటు ఆ వైపుకే తిరిగేది. ఆ చిన్న సదుపాయంతో లోకం తలక్రిందులైంది. స్త్రీలు, వృద్ధులు, బిడియస్థులు అందరూ చెక్కనేలపై తిరగడం నేర్చుకున్నారు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్టు పట్టణంలో ఒక హోటలు భోజనశాలను ప్లింప్టన్ స్కేటింగు మందిరంగా మార్పించాడు. ఈ న్యూపోర్టు పేరును పాఠకులు జ్ఞాపకముంచుకోవలెనని మనవి. మన కథ మరల అక్కడికి వస్తుంది.

నాలుగుచక్రాల జోడు గెలిచింది. వరుసచక్రాల జోడు మూలపడింది. అది మరల వెలుగులోకి వచ్చినది 1980 ప్రాంతంలో. మిన్నెసోటా రాష్ట్రంలో చలికాలం గడ్డకట్టిన సరస్సులమీద హాకీ ఆడుతారు. వేసవిలో మంచు ఉండదు; ఆట ఆగిపోతుంది. అక్కడ హాకీ ఆటగాడైన స్కాట్ ఓల్సన్ అనే యువకునికి ఒక పాత వరుసచక్రాల స్కేటు కంటబడింది. అతడూ, అతని తమ్ముడు బ్రెన్నన్నూ దానిని విప్పి, పరిశీలించి, హాకీ బూటుకు అమర్చి, పాత చక్రాల స్థానంలో యూరిథేను అనే క్రొత్త పదార్థంతో చేసిన చక్రాలు బిగించారు. యూరిథేను రబ్బరువలె నేలను పట్టుకొంటుంది, చెక్కవలె అరిగిపోదు. మంచుమీద నడచినట్లే తారురోడ్డుమీద నడవడం సాధ్యమైంది. ఆ విధంగా రోలర్‌బ్లేడు కంపెనీ పుట్టింది. అది అన్నదమ్ముల చేతినుంచి త్వరలోనే పెద్ద వ్యాపారుల చేతికి పోయింది. పది సంవత్సరాలు తిరిగేసరికి కంపెనీ పేరే వస్తువుకు పేరైపోయి, అమెరికాలో స్కేట్లనే రోలర్‌బ్లేడులని పిలువసాగారు. మనం వనస్పతిని డాల్డా అన్నట్లే.

ఇంతవరకు ఇది వ్యాయామం, వినోదం. దూకుడు ఎక్కడ ప్రవేశించింది?

కాలిఫోర్నియాలోను, మరికొన్ని నగరాలలోను ఉండే కుర్రవాళ్ళు ఈ స్కేట్లతో రోడ్డువెంట తిరగడంతో తృప్తిపడలేదు. వీథులలో వాళ్ళకు ముందే స్కేటుబోర్డు ఆటగాళ్ళు కనబడుతున్నారు. చక్రాలు బిగించిన ఒక పలకమీద నిలిచి వాళ్ళు అరుగులమీదికి దూకేవారు. గట్ల అంచులవెంట జారేవారు. అది చూచి వీరికి రోషం కలిగింది. పలక మీద చేయగలిగినది పాదాలతో ఎందుకు చేయలేము? మొదట ప్రయత్నించినవారికి స్కేటే అడ్డుతగిలింది. పొడవైన పరుగుకోసం చేసిన చట్రం కమ్మీమీద పడగానే అరిగిపోయేది, విరిగిపోయేది. పెద్ద చక్రాలు కమ్మీకి తగిలి పట్టుకొని మనిషిని ముందుకు విసిరేసేవి. కుర్రవాళ్ళు ఇంటి పెరళ్ళలో లోహపు పలకలు కోసి, రంధ్రాలు తొలిచి, చట్రానికి బిగించుకున్నారు. చక్రాల మధ్య సందును పెద్దది చేశారు. కంపెనీలు తరువాత మేల్కొన్నవి. మంచుబూట్ల తయారీకి పేరుపొందిన ఉత్తర ఇటలీలోని కర్మాగారాలు గట్టి ప్లాస్టిక్కుతో బూట్లు పోతపోయసాగినవి. రోసెస్ కంపెనీవారి బూటు ఒకటి ఆ కాలపు ఆటగాళ్ళకు ఆరాధ్యవస్తువైపోయింది.

ఈ స్కేటు నిర్మాణాన్ని కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటె విద్య అంతా అక్కడే ఉన్నది. వ్యాయామానికి వాడే స్కేటు చక్రం వ్యాసం ఎనభై మిల్లీమీటర్లు, అంతకుమించి ఉంటుంది. దూకుడు స్కేటుకు అరవై మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది; చాలా గట్టిగా ఉంటుంది. చక్రం చిన్నదైతే మనిషి నేలకు దగ్గరగా ఉంటాడు, తూలడు. వేగం తగ్గుతుంది, ఆ నష్టాన్ని అతడు సహిస్తాడు. నాలుగు చక్రాలలో నడిమి రెండింటినీ కొందరు పూర్తిగా తీసివేస్తారు. లేదా వాటి స్థానంలో నేలకు తగలని బుల్లిచక్రాలు అమర్చుకొంటారు. ఆ నడిమి ఖాళీలో, చట్రంలో ఒక గాడి ఉంటుంది. కమ్మీ వచ్చి కూర్చునేది ఆ గాడిలోనే. ఇక బూటు అడుగున, రెండు ప్రక్కలా ఒక మందపాటి ప్లాస్టిక్కు పలక అంచులు బయటకు వచ్చి ఉంటవి. దానిని సోల్ ప్లేటు అంటారు. చట్రం గాడిమీద జారవచ్చు. లేదా ఈ పలక అంచుమీద జారవచ్చు. ఒక పాదం గాడిమీద, ఒక పాదం అంచుమీద పెట్టి జారవచ్చు. ఒక్క పాదంమీదనే జారుతూ రెండవదాన్ని గాలిలో చేతితో పట్టుకోవచ్చు. కాళ్ళు పెనవేసుకొని జారవచ్చు. ఈ కలయికలలో ప్రతిదానికీ ఒక పేరున్నది. సోల్, మాకియో, మిజూ, యూనిటీ, యాసిడ్. చేప మెదడు అనే అర్థంవచ్చే ఫిష్‌బ్రెయిన్ కూడా ఒకటి ఉన్నది. ఆ పేరు ఏ బుద్ధిమంతుడు పెట్టాడో గాని, ఆటగాళ్ళ వ్యవహారంలో అది మన తాళాల పేర్లంత స్థిరపడిపోయింది. ఈ జారుడును మొత్తంమీద గ్రైండు అంటారు. పిండి విసరడానికి వాడే క్రియే. ప్లాస్టిక్కు, ఇనుము ఒకదాన్నొకటి రాచుకొనేటప్పుడు వచ్చే శబ్దం విన్నవారికి ఆ పేరు సరిపోయిందనిపిస్తుంది.

శబ్దమనగానే ఒక మాట. కంటితో చూడవలసిన ఈ ఆటను రేడియోలో వర్ణించడం వృథాప్రయాస అని కొందరనవచ్చు. కాని అనుభవమున్న ఆటగాడు కండ్లు మూసుకొని కూడా తోటివాని ఆటను కొంతవరకు చెప్పగలడు. చక్రాలు సిమెంటు నేలమీద చేసే గరగర; దూకేముందు ఒక క్షణం నిశ్శబ్దం; కమ్మీమీద ప్లాస్టిక్కు గీసుకొనే ధ్వని; మరల నిశ్శబ్దం; రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకినప్పటి ఒకే దెబ్బ. ఆ చివరి దెబ్బ రెండుగా వినబడితే దిగడం సరిగా కుదరలేదన్నమాట. మూడుగా వినబడితే మనిషి పడ్డాడు.

కమ్మీమీద జారేటప్పుడు శరీరానికి ఏమి జరుగుతున్నది? ఘర్షణ పాదాలను వెనుకకు లాగుతుంది. నడుముపైభాగం మాత్రం వచ్చిన వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది. పాదాలు తటాలున ఆగిపోతే మనిషి బోర్లపడుతాడు. అందుచేత మోకాళ్ళు వంచి, బరువును కొద్దిగా వెనుకకు ఉంచుకోవాలి. మరీ వెనుకకు ఉంచితే, నున్నటి కమ్మీ మీద పాదాలే ముందుకు జారిపోయి మనిషి వెల్లకిల పడుతాడు. గరుకైన సిమెంటు అరుగులమీద జారుడు సాగదు గనుక ఆటగాళ్ళు జేబులలో మైనపు ముద్దలు పెట్టుకొని తిరుగుతారు. అంచుకు మైనం రుద్ది, ఒకసారి జారిచూచి, మరికొంచెం రుద్దుతారు. ఎక్కడ ఎంత మైనం కావాలో తెలిసినవాడు గొప్ప ఆటగాడు కాకపోవచ్చు. ఆ గుంపులో అతనికి గౌరవం మాత్రం ఉంటుంది. ఆ భవనం యజమానికి ఈ మైనపు నల్లమరకలు చూస్తే ఒళ్ళు మండుతుంది. అతని కోపమూ అన్యాయం కాదు. చాలా నగరాలలో అరుగుల అంచులకు జానెడు జానెడు దూరంలో ఇనుపబుడిపెలు బిగించి ఉండడం కనబడుతుంది. అవి అలంకారం కాదు. చక్రాలవాళ్ళను తరమడానికి పెట్టినవి.

వీథి ఆట ఒక శాఖ. రెండవది ర్యాంపు ఆట. పెద్ద గొట్టాన్ని నిలువునా సగానికి చీల్చి నేలమీద వెల్లకిల పెట్టినట్లు, రెండు ప్రక్కలా గోడలు వంపుతో లేచి, చివర నిట్టనిలువుగా నిలుస్తవి. ఎత్తు నాలుగు మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పై అంచున ఇనుపగొట్టం పొదిగి ఉంటుంది. ఆటగాడు ఒక అంచునుంచి దిగి, ఎదుటి గోడను ఎక్కి, అంచుదాటి గాలిలోకి లేచి, అక్కడ ఒకటిన్నర చుట్టో, రెండు చుట్లో, రెండున్నర చుట్లో తిరిగి, అదే గోడమీదికి దిగి వెనుకకు వస్తాడు. నాలుగు మీటర్లు దిగేసరికి గంటకు ముప్పై కిలోమీటర్లకు మించిన వేగం వస్తుంది. ఆ వేగంతో ఎదుటి గోడను ఎక్కితే, ఘర్షణలో పోయినది పోగా, బయలుదేరిన ఎత్తుకు కూడా చేరకూడదు. మరి అంచుదాటి రెండు మూడు మీటర్లు ఎట్లా లేస్తున్నాడు? దీనికి సమాధానం అట్లతద్దినాడు ఉయ్యాల ఊగిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. ఉయ్యాల క్రిందికి వచ్చేసరికి కూర్చుండి, పైకి పోయేటప్పుడు లేచి నిలబడితే ఊపు పెరుగుతుంది. ఎవరూ త్రోయనక్కరలేదు. స్కేటరు కూడా చదునునేల మీద మోకాళ్ళు వంచుకొని, వంపు ఎక్కేటప్పుడు వాటిని బలంగా చాపుతాడు. ప్రతి రాకపోకకూ కొంత శక్తి చేరుతుంది. నాలుగైదు ఊపులయ్యేసరికి అంచు అతని పాదాల క్రింద ఉంటుంది.

అంత ఎత్తునుంచి పడితే కాళ్ళు విరగవా అని అడుగవచ్చు. సరిగా దిగితే విరగవు. ఎందుకంటె అతడు దిగేది నేలమీదికి కాదు, నిలువుగోడ మీదికి. పడే దిక్కూ, గోడ దిక్కూ ఒకటే గనుక దెబ్బ ఉండదు. ఆ వేగం వంపులో మెల్లమెల్లగా అడ్డవేగంగా మారుతుంది. నాలుగు మీటర్ల ర్యాంపుకంటె నాలుగు మెట్లమీదనుంచి చదునునేలమీదికి దూకడమే మోకాళ్ళకు ఎక్కువ హాని. ప్రమాదమంతా దిగడం తప్పినప్పుడే.

ఈ సూత్రానికి ఎవరూ మరువలేని ఉదాహరణ 2010 మే 29న ప్యారిస్‌లో జరిగింది. అల్జీరియాలో జన్మించిన ఫ్రెంచి స్కేటరు తాయిగ్ క్రిస్ ఐఫెల్ గోపురం మొదటి అంతస్తునుంచి, నలభై మీటర్ల ఎత్తున కట్టిన మంచెమీదనుంచి, క్రింద నిర్మించిన బ్రహ్మాండమైన ర్యాంపుమీదికి దూకాడు. మధ్యలో పన్నెండున్నర మీటర్లు ఆధారం లేకుండా పడ్డాడు. లెక్కవేస్తే అప్పటి వేగం గంటకు యాభైఆరు కిలోమీటర్లు. ర్యాంపు వంపు ఆ వేగాన్ని తీసుకొన్నది; అతడు క్షేమంగా నిలిచాడు. వేలకొలది ప్రజలు చూచారు. అయితే ఆ నాటికి ఈ క్రీడను గొప్ప పోటీలనుంచి తొలగించి అయిదేండ్లు గడచిపోయినది. ఆ సంగతి చెప్పడానికే ఈ ప్రసంగంలో ముఖ్యభాగం.

1995లో అమెరికాలోని ఇ.ఎస్.పి.ఎన్. టెలివిజన్ సంస్థ సాహసక్రీడల ఉత్సవమొకటి ఏర్పాటుచేసింది. తరువాత దానికే ఎక్స్ గేమ్స్ అని పేరు వచ్చింది. మొదటి ఉత్సవం రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ప్రావిడెన్సు, న్యూపోర్టు ప్రాంతాలలో జరిగింది. నూట ముప్పై సంవత్సరాల క్రిందట పెద్దమనుషులు నాలుగుచక్రాల జోళ్ళతో మెల్లగా తిరిగిన న్యూపోర్టు ఇదే. మరుసటి యేడు వీథిపోటీలో స్వర్ణపతకం టెక్సాసుకు చెందిన ఆర్లో ఐజెన్‌బర్గుకు వచ్చింది. అతడు ఆట ఆడినవాడే కాదు. ఆటకు ఒక వేషాన్నీ, భాషనూ కల్పించినవారిలో ఒకడు. మిత్రులతో కలిసి సెనేట్ అనే కంపెనీ పెట్టి చక్రాలూ, దుస్తులూ అమ్మాడు. వదులైన లాగులు, పెడసరి బొమ్మలున్న చొక్కాలు, పెద్దల మర్యాదలను వెక్కిరించే మాటలు ఆ గుంపుకు చిహ్నాలైనవి. అంతకుముందు 1993లోనే డెయిలీ బ్రెడ్ అనే పత్రిక వెలువడింది. దాని సంపాదకురాలు ఆంజీ వాల్టన్ అనే మహిళ. 1994లో వచ్చిన హోక్స్ అనే వీడియో టేపును కుర్రవాళ్ళు అరిగిపోయేవరకు చూచేవారు. ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండే ఆటగాళ్ళకు ఆ టేపులే గురువులు. ఒక ఎత్తును నిలిపి, వెనుకకు త్రిప్పి, మరల చూచి, వీథిలోకి పోయి ప్రయత్నించేవారు.

ఈ గుంపు గొప్పను చెప్పి లోపాన్ని దాచడం న్యాయం కాదు. సెనేట్ చొక్కాల లోపల, ఉతకవలసిన పద్ధతి చెప్పే చిన్న చీటీమీద, ఆడపిల్లలను నాశనం చేయండి అనే అర్థమిచ్చే మాటలు అచ్చువేశారు. తల్లిదండ్రులు గమనించి గగ్గోలుపెట్టారు. అది హాస్యమేనని సమర్థించినవారు లేకపోలేదు. నాకు మాత్రం ఆ హాస్యం రుచించదు. ఆ మాటలు చదివినవారిలో స్కేట్లు కట్టుకొన్న ఆడపిల్లలు కూడా ఉన్నారు. వారు ఏమనుకొని ఉంటారు?

ఆ ఆడపిల్లలలో ఒకతె సమాధానం మాటలతో చెప్పలేదు. బ్రెజిలులోని సావోపాలో నగరంలో 1979లో పుట్టిన ఫాబియోలా ద సిల్వా, 1996లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, ఎక్స్ గేమ్స్‌లో స్త్రీల ర్యాంపు పోటీలో స్వర్ణం గెలిచింది. మరుసటి రెండేళ్ళూ ఆమెదే గెలుపు. ఆమెకు స్త్రీలలో సరైన పోటీ దొరకలేదు. 2000లో పోటీల నిర్వాహకులు నిబంధన మార్చి, అర్హత సంపాదించిన స్త్రీలు పురుషులతోబాటు ర్యాంపు పోటీలో పాల్గొనవచ్చునన్నారు. ఆ నిబంధనను జనం ఫాబియోలా నియమమనే పిలిచారు. ఆమె పురుషులతో పోటీచేసి మొదటి పదిమందిలో నిలిచింది. 2005లో ర్యాంపుమీదనుంచి లేచి గాలిలో రెండుసార్లు వెనుకకు పల్టీకొట్టి నిలిచింది. స్త్రీలలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమెయే. పురుషుల పోటీలలో మాత్రం ఆ కాలమంతా జపానునుంచి వచ్చిన యాసుతోకో సోదరులదే రాజ్యం. ఎయితో అన్న, తాకేషి తమ్ముడు. తల్లిదండ్రులు కూడా చక్రాలమీద పెరిగినవారే. స్వర్ణపతకం చాలాసార్లు ఆ అన్నదమ్ముల మధ్యనే చేతులు మారింది.

2005లో ఎక్స్ గేమ్స్ నిర్వాహకులు ఇన్‌లైన్ స్కేటింగును తమ జాబితానుంచి తొలగించారు. ఎందుకు? కారణాలు పలువురు పలువిధాలుగా చెబుతారు. చౌక స్కేట్లు ప్రతి దుకాణంలోను గుట్టలుగా పడి, చిన్నపిల్లల ఆటవస్తువుగా మారిపోయి, యువకులకు చిన్నతనమనిపించిందని కొందరు. 1999లో టోనీ హాక్ పేరుతో వచ్చిన వీడియో ఆట స్కేటుబోర్డును ఇంటింటికీ చేర్చిందని కొందరు. స్కేటుబోర్డువారికి వీరిపై మొదటినుంచీ చులకన. పాదాలకు బిగించుకొన్న చక్రాలమీద దూకడం తేలిక, పలకమీద దూకడమే విద్య అని వారి వాదం. ఫ్రూట్‌బూటర్ అని ఒక తిట్టు కల్పించి, మగతనాన్ని ఎగతాళిచేసే హాస్యాలు పుట్టించారు. పదమూడేళ్ళ పిల్లవాడు ఎన్ని దెబ్బలనైనా ఓర్చుకొంటాడు గాని, తోటివారి నవ్వును ఓర్చుకోలేడు. పలకవారి వాదంలో కొంత నిజమున్నది. కాలికి బిగించి ఉన్నందువల్ల స్కేటు గాలిలో తప్పిపోదు. కాని ఆ కారణంచేతనే పడేటప్పుడు దానిని వదలించుకొని తప్పుకొనే వీలు కూడా లేదు. పలకవాడు పలకను తన్నివేసి పరుగెత్తగలడు. స్కేటరు చక్రాలతోనే పడాలి.

ఇవన్నీ ఉపకారణాలనీ, టెలివిజన్‌మీద ఆధారపడి పెరిగినది టెలివిజన్ చేయి తీయగానే కూలిపోవడమే మూలకారణమనీ నా అభిప్రాయం. 1998లో డిస్నీవారు బ్రింక్ అనే చిత్రం తీశారు. కేవలం ఆటమీది ఇష్టంతో స్కేటింగుచేసే కుర్రవాడొకడు, ఇంటి ఇబ్బందులు చూడలేక డబ్బిచ్చే జట్టులో చేరి, మిత్రులకు దూరమవుతాడు. పిల్లల చిత్రమే. కాని క్రీడకు జరుగబోయేదానిని ఏడేండ్లముందే చూపినట్లున్నది.

డబ్బిచ్చే జట్లు పోయినవి. పెద్ద కంపెనీలు చాలావరకు ఈ రకం స్కేట్లు చేయడం మానుకున్నవి. నిన్నటివరకు లోకమంతా తిరిగి జీతాలు తీసుకొన్న ఆటగాళ్ళు ఇతర ఉద్యోగాలు వెదుకుకొన్నారు. పత్రికలు ఒక్కొక్కటే ఆగినవి. ఆట అంతటితో పోవలసింది. పోలేదు. ఆడినవారే తయారీదారులైనారు. కాలిఫోర్నియాలో పెరిగిన జాన్ జూలియో అనే పూర్వపు విజేత మొదట వాలో అనే పేరుతోను, 2018 నుంచి దెమ్ అనే పేరుతోను స్కేట్లు తయారుచేయించి అమ్మసాగాడు. ఇందుకు ముందుగానే జరిగిన ఒక ఏర్పాటు తోడ్పడింది. ఏ కంపెనీ బూటుకైనా ఏ కంపెనీ చట్రమైనా బిగించుకొనేటట్లు, మరల రంధ్రాల దూరాన్నీ అడుగు ఆకారాన్నీ ఒకే కొలతకు తెచ్చుకొన్నారు. యు.ఎఫ్.ఎస్. అని దానికి పేరు. పెద్ద ఫ్యాక్టరీ లేనివాడు కూడా కేవలం చట్రమో, చక్రమో చేసి బ్రతకవచ్చు. పలచబడిన సంతలో చిన్న వ్యాపారులను నిలబెట్టినది ఈ రెండు మరల ఒప్పందమే. నెదర్లాండ్సులోని ఐంధోవెన్ నగరంలో చలికాలంలో వింటర్‌క్లాష్ అనే సమావేశానికి నానాదేశాలనుంచి ఆటగాళ్ళు స్వంత ఖర్చులతో వచ్చేవారు. చూచేవారిలో అధికసంఖ్యాకులు ఆడేవారే. 2020లో మహమ్మారి వచ్చి జనం ఇండ్లకు పరిమితమైనప్పుడు అటకలమీది పాత స్కేట్లు చాలాచోట్ల క్రిందికి దిగినవి.

ఇందులో ఒక విచిత్రమున్నది. చక్రాల క్రీడలన్నింటికీ అంతర్జాతీయ సమాఖ్య ఒకటే; 2017 నుంచి దాని పేరు వరల్డ్ స్కేట్. ఆ సమాఖ్య ద్వారానే స్కేటుబోర్డు ఒలింపిక్సులో ప్రవేశించి 2021లో తోక్యోలో ఆడబడింది. సమాఖ్యకు మూలపురుషులైన చక్రపాదుకలవారు మాత్రం ఆ గడప దాటలేదు. 2017లో చైనాలోని నాన్‌జింగ్‌లో మొదలైన ప్రపంచ రోలరు క్రీడలతోనే వారు సంతృప్తిపడవలసివచ్చింది. చక్రపాదుకల క్రీడలో మన తెలుగువారికి పేరు లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్యపతకాలు గెలిచి, 2015లో అర్జున పురస్కారం పొందాడు. అయితే ఆయనది సంగీతానికి అనుగుణంగా నున్నటి నేలపై చేసే కళాత్మక స్కేటింగు. ప్లింప్టన్ నాలుగుచక్రాల వంశానికి చెందినది. కమ్మీలమీద దూకే వంశం వేరు.

ఇంట్లో పిల్లవాడో, పిల్లో స్కేట్లు కావాలని అడిగితే ఏమి చేయాలనే ప్రశ్న తల్లిదండ్రులకు కలుగుతుంది. స్కేటింగులో అన్నిటికంటె తరచుగా దెబ్బతినేది మణికట్టు. పడేటప్పుడు చేయి ఆనించడం మానవస్వభావం. మణికట్టుకు రక్షకం ధరించనివారికి ఆ దెబ్బ తగిలే అవకాశం సుమారు పదిరెట్లని 1996లో అమెరికాలో జరిగిన ఒక వైద్యపరిశీలనలో తేలింది. వీథిలో ఆడే వీరులు చాలామంది శిరస్త్రాణం కూడా పెట్టుకోరు. పెట్టుకొంటే పిరికితనమని వారి అపోహ. ర్యాంపుమీద ఆడేవారు మాత్రం తలకు, మోచేతులకు, మోకాళ్ళకు కవచాలు లేనిదే పైకి ఎక్కరు. వారు మొదట నేర్చుకొనేది ఎగరడం కాదు, పడడం. దిగడం తప్పినదని గాలిలో ఉండగానే తెలిసిపోతుంది. వెంటనే మోకాళ్ళు మడిచి, మోకాలిచిప్పల మీది గట్టి కవచాలను గోడకు ఆనించి, కూర్చున్నవాడు జారినట్లు క్రిందికి జారిపోతారు. ఈ ఒక్క విద్య వచ్చేవరకు మంచి శిక్షకులు అంచుమీదికి ఎక్కనివ్వరు.

బిడ్డకు మొదటిసారి స్కేట్లు తొడిగేటప్పుడు సిమెంటు నేలమీద నిలబెట్టకూడదు. పచ్చికమీద నిలబెట్టాలి. గడ్డి చక్రాలను పట్టుకొంటుంది, జారనివ్వదు. అక్కడ నడిపించి, వంగించి, లేపి, కావాలని పడవేయించి, పడ్డచోటినుంచి చేయి ఇవ్వకుండా లేవనివ్వాలి. ఒక మోకాలు నేలమీద ఆనించి, రెండవ పాదం ముందుకు పెట్టి, రెండు చేతులూ ఆ మోకాలిమీద ఉంచి లేవడం పద్ధతి. అది పది పన్నెండు సార్లు వచ్చిన తరువాత గట్టినేలమీదికి తీసుకొనిరావచ్చు.